గ్రైండర్‌లో వేయలేని డబ్బా

జరగండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. గోడకు ఆనుకుంటే సున్నం అంటుతుంది, ఈ చాప మీదికే రండి. ఫోన్లు బోర్లా పెట్టండి, అవి ఎక్కడికీ పోవు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. ఎక్కడైనా తప్పుంటే అది నా నోటిది, కుదిరిన చోట అది దాని చేతిది అనుకోండి.

నేను చదివింది తక్కువ. బస్సు మీద ఊరి పేరు చదవగలను, నా పేరు రాయగలను. కానీ చూసింది మరిచిపోను. కొత్తగా పనుల్లో చేరే పిల్లలు మీరు. మీకు మిషన్ల సంగతి నాకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. అందుకని మిషన్ గురించి కాదు, ఒక మిషన్ ముందర మేమంతా కాళ్లు కట్టేసినట్టు నిలబడిపోయిన సంగతి చెబుతాను.

పెళ్లయిన కొత్తలో నేను కూడా ఈ చుట్టుపక్కల ఆడవాళ్లందరిలాగే బీడీలు చుట్టాను. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. అది తగ్గిపోయాక, నిజామాబాద్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పెట్టిన ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో చేరాను. కంపెనీ అంటే పెద్దదేమీ కాదు. డబ్బాలు చేసే మిషన్ ఒకటి, గాలి పట్టే మిషన్ ఒకటి, మూలన గ్రైండర్ ఒకటి. బీడీ ఆకు కత్తిరించిన చెయ్యి కదా, డబ్బా తోక కోయడం తొందరగానే వచ్చింది.

తోక ఏమిటంటారా? చెబుతాను. ప్లాస్టిక్ గింజలు మిషన్‌లో కరిగి, పైనుంచి మెత్తటి గొట్టంలాగా వేలాడుతూ దిగుతాయి. రెండు వైపుల నుంచి ఇనుప అచ్చు వచ్చి ఆ గొట్టాన్ని మధ్యలో పట్టుకుని మూసుకుంటుంది. పైనుంచి గాలి ఊదుతుంది. పెనం మీద జొన్నరొట్టె పొంగినట్టు గొట్టం పొంగి, అచ్చు గోడలకు అంటుకుని, చల్లారుతుంది. అచ్చు ఏ ఆకారంలో ఉంటే డబ్బా ఆ ఆకారం. అచ్చు కింద నొక్కుకున్న చోట కొంచెం ప్లాస్టిక్ మిగులుతుంది చూడండి, అదే తోక. మేము కత్తితో దాన్ని కోసి, డబ్బాను వెలుతురులో తిప్పి చూసి, బాగున్నది ఇటు, పాడైనది అటు వేసేవాళ్లం. పాడైన డబ్బాలూ తోకలూ గ్రైండర్‌లో పడి ముక్కలై, కొత్త గింజలో కలిసి, మళ్లీ మిషన్‌లోకే పోయేవి. మా పనిలో పారేయడమనేదే లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే ఉంది.

మేము చేసినవి ఏముంటాయి? పురుగుమందు డబ్బాలు, ఫినాయిల్ సీసాలు, నూనె క్యాన్లు. అన్నీ నిలువుగా, గుండ్రంగా, ముఖం లేనివి. వాటితో మాకు ఏ పేచీ లేదు.

ఒక వానాకాలం పొద్దున బాల్కొండ వైపు నుంచి ఒకామె బస్సు దిగి, టిఫిన్ బాక్సు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. పసుపు, మక్కజొన్న వేసే రైతుల ఇంటామె. మేము ఆమెను బాల్కొండక్క అనేవాళ్లం. టిఫిన్ బాక్సు మూత తీస్తే లోపల అన్నం లేదు, తమలపాకులో పెట్టిన పసుపు గౌరమ్మ ఉంది.

గౌరమ్మ తెలియని వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాను. బతుకమ్మ పండుగకు పూలన్నీ గుండ్రంగా పేర్చి, ఆ పూల కుప్ప మీద శిఖరంలా పెట్టే పసుపు ముద్దే గౌరమ్మ. తడి పసుపును అరచేతిలో పిసికి, కింద వెడల్పుగా, పైన మొనగా ఒత్తి, కుంకుమ బొట్టు పెడతాం. ఆడి పాడి, బతుకమ్మను నీళ్లలో సాగనంపాక ఆ గౌరమ్మ పసుపునే తీసి పుస్తెలకు రాసుకుంటాం.

"గిట్లుండాలె డబ్బ," అంది బాల్కొండక్క. "గీ ఆకారమే. పసుపు పచ్చగ, ముందట బొట్టు."

మా సేటు నెత్తి గోక్కున్నాడు. మంచివాడే, కానీ కొత్తది ఏది చెప్పినా ముందు నెత్తి గోక్కునేవాడు. "అక్కా, గుండ్రటి సీస చేసిస్త. ముందట గౌరమ్మ బొమ్మ లేబులు అంటిద్దాం. మంచిగుంటది."

"గుండ్రటి సీసలు దుకాణంల మస్తున్నయ్ సేట్. గా సీసలల్ల నా పసుపు ఎవ్వలకు కానొస్తది?" అని ఆమె అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది. "నా బాధ జర ఇను. మా సంఘంల ఆడోళ్లందర్ని నేనే ఆపిన. పసుపంత మార్కెట్ల పోయకుండ్రి, కొంత మనమే పొడి పట్టి మన పేరు మీద అమ్ముదాం అన్న. మొగోళ్లు నవ్విన్రు. మా ఇంటాయనైతే, 'నీ పొడి నువ్వే బువ్వల కలుపుకొని తిను' అన్నడు. అయినా ఆడోళ్లు నా మాట మీద పసుపు కొమ్ములు దాచిపెట్టిన్రు. ఇగ బతుకమ్మకు డబ్బలు చేతికి రావాలె. పండుగ దాటితే గది ఒట్టి పొడి. అటెన్క నేనేం జెప్పినా ఇంటరా? జన్మల ఇనరు."

అదీ సంగతి. ఆమె తన మాటను టిఫిన్ బాక్సులో పెట్టుకుని వచ్చింది. మాతో ఉన్న పెద్దవ్వ, మాక్లూర్ నుంచి వచ్చే పెద్ద మనిషి, కత్తి పక్కన పెట్టి అంది: "చెయ్యి సేట్. పురుగుమందు డబ్బలే చేసుకుంట పోతమా మనం?"

సేటు చేశాడు. హైదరాబాద్ నుంచి అచ్చు చేయించి తెప్పించాడు. ఆ అచ్చు కోసం గీసిన బొమ్మ మాకూ చూపించారు. మూత ఎక్కడ పెట్టాలి, పొడి ఎట్లా రాలాలి, అడుగు ఎంత వెడల్పు ఉండాలి, అన్నీ మాట్లాడుకున్నాం. అందరమూ పెద్ద తెలివిగల వాళ్లమే ఆ రోజు. ఒక్కటి మాత్రం ఎవరికీ తట్టలేదు. అదేమిటో తర్వాత చెబుతాను.

మూతి గౌరమ్మ అడుగున పెట్టారు. మిషన్‌లో మూతి ఎప్పుడూ పైనే ఉంటుంది కదా, అందుకని మా గౌరమ్మ తలకిందులుగా పుట్టాలి. మొన కిందికి, అడుగు పైకి. మా ఆపరేటరు మస్కట్‌లో ప్లాస్టిక్ కంపెనీలో చాలా కాలం చేసి వచ్చినవాడు. మొదటి రోజు అచ్చు బిగించి, "అరబ్బుల అత్తరు సీసలు చేసిన, ఒంటె బొమ్మ డబ్బలు చేసిన. గిదెంత?" అన్నాడు.

అది చాలానే అయింది. సన్నటి గొట్టం ఒక్కసారిగా అంత వెడల్పు అడుగు దాకా సాగాలి. మొన దగ్గర ప్లాస్టిక్ మందంగా నిలిచిపోయేది. అడుగు అంచు దగ్గరికి వచ్చేసరికి ఉల్లిపొరలాగా పలచబడి, వేలు పెడితే లోపలికి పోయేది. కొన్ని అచ్చులోనే టప్పుమని పగిలేవి. ఆపరేటరు వేడి తగ్గించాడు, గాలి తగ్గించాడు, గొట్టం మందం పెంచాడు. మధ్యాహ్నానికి అతని నోటివెంట మస్కట్ మాట ఆగిపోయింది.

"ఏమన్న, ఒంటె ఎక్కడ పండుకుంది?" అంది మా ముప్కాల్ చెల్లె. ముప్కాల్ నుంచి వచ్చే పిల్ల, చర్చికి పోయే ఇంటి కోడలు. నోరు తీపి, మాట కారం.

"గీ గౌరమ్మకు కోపమొచ్చినట్టుంది చెల్లె. తలకిందులు వేలాడదీస్తే ఎవ్వలకు రాదు?" అన్నాడు ఆపరేటరు.

పొద్దుగూకే ముందర ఒకటి సరిగ్గా దిగింది. అచ్చు తెరుచుకుంది. పచ్చగా, నున్నగా, అడుగు నిండుగా. పెద్దవ్వ దాన్ని తిప్పి నిలబెట్టింది. ముందర గుండ్రంగా పొడుచుకు వచ్చిన బొట్టు. దాని మీద తర్వాత ఎర్ర రంగు వేయాలని. నేను చూస్తుండగానే మా ఆపరేటరు చెప్పులు విడిచి పక్కకు నెట్టాడు.

మరుసటి రోజు నుంచి పని నడిచింది. నడిచింది అంటే, బాగున్నవి బాగున్నాయి, పాడయ్యేవి ఇంకా పాడవుతూనే ఉన్నాయి. కొత్త అచ్చు కదా, అంతే ఉంటుంది. తోకలు తీసుకెళ్లి గ్రైండర్‌లో వేశాం. తోకకు ఆకారం లేదు, పేచీ లేదు. తర్వాత పాడైన డబ్బాల తట్ట ఎత్తుకుని నేనే పోయాను. గ్రైండర్ ఆన్ చేశాను. కింద పళ్లు గరగరమంటున్నాయి. ఒక డబ్బా చేతిలోకి తీసుకున్నాను. అడుగు చిరిగి ఉంది కానీ ముఖం చక్కగా ఉంది. బొట్టు నావైపే ఉంది.

గ్రైండర్ ఆఫ్ చేసి తట్ట వెనక్కి తెచ్చాను.

"ఏమయింది?" అంది పెద్దవ్వ.

"నువ్వెయ్యి పెద్దవ్వ. నాకు చెయ్యి రాలే."

"నా చేతికి ఏం రోగమొచ్చిందే, గౌరమ్మను గ్రైండర్ల ఏసి నలుగగొట్ట?" అని ఆమె కొంగుతో ఒక చెక్కపలక తుడిచి, ఆ చిరిగిన డబ్బాలను దాని మీద వరుసగా నిలబెట్టింది. నేల మీద పెట్టడానికి కూడా మనసు ఒప్పలేదు.

ఇదే మాకెవరికీ తట్టని సంగతి. గౌరమ్మను ఎట్లా చేయాలో అందరం ఆలోచించాం. పాడైన గౌరమ్మను ఏం చేయాలో ఎవరమూ ఆలోచించలేదు. వేరే ఊళ్లో, వేరే మనుషులు చేసి ఉంటే అది వాళ్లకు ఒక కోన్ డబ్బా. మాకు కాదు.

రెండో పలక నిండింది. మూడోది పెట్టారు. ఎవరో దాని ముందు బంతిపువ్వు ఒకటి పెట్టారు. నేను కాదు, పెద్దవ్వ మీద నా అనుమానం. అటువైపు నుంచి పోవాల్సిన వాళ్లు చుట్టు తిరిగి పోతున్నారు. ఆపరేటరు చెప్పుల్లేకుండానే మిషన్ దగ్గర నిలబడుతున్నాడు.

సేటు వచ్చి చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏందిది? కంపెనీయా, గుడా? నువ్వు ముందు చెప్పులేస్కోరా, వేడి ప్లాస్టిక్ పడితే పాదం ఊడొస్తది! గివన్ని గ్రైండర్ల వెయ్యకుంటే గింజ యాడికెళ్లి వస్తది? పసుపు రంగు ప్లాస్టిక్ గింజ లెక్క ప్రకారం తెప్పిచ్చిన. పండుగ ముంగట మళ్ల తెప్పియ్యాలంటే లారీ దొరుకదు. సగం డబ్బలకే ఒడుస్తది."

"నువ్వే వెయ్యి సేట్," అంది పెద్దవ్వ.

సేటు ఒక డబ్బా తీసుకుని గ్రైండర్ దాకా పోయాడు. అంతలో ఆయనకు ఫోన్ వచ్చింది. మాకెవరికీ రింగు వినబడలేదు గానీ, ఆయన చెవి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అంటూ బయటికి పోయాడు. డబ్బా మాత్రం మళ్లీ పలక మీదికి వచ్చింది.

ఆపరేటరును అడిగితే, "నాది మిషన్ డ్యూటీ సేట్, గ్రైండర్ డ్యూటీ కాదు," అన్నాడు. అప్పుడు అందరి కళ్లూ ఒకేసారి ముప్కాల్ చెల్లె మీదికి పోయాయి. సేటు మెల్లగా అన్నాడు: "చెల్లె, నువ్వు చర్చికి పోతవ్ గద. నీకు గీ పట్టింపులుండయ్. జర నువ్వేస్తే..."

ఆ పిల్ల మూతలు తుడుస్తున్నది తుడుస్తూనే తల ఎత్తింది. "నేను చర్చికి పోతె ఏంది సేట్? నా పక్కన కూసొని బువ్వ తినేటోళ్లు వీళ్లు. వీళ్ల మనసు నొచ్చే పని నా చేతులతోటి చేపిస్తవా? వాళ్లకు పాపమైంది నాకు డ్యూటీ అయితదా? నేన్ గూడ వెయ్య."

పెద్దవ్వ లేచి పోయి, ఆ పిల్ల టిఫిన్‌లో తన మామిడికాయ తొక్కు పెద్ద ముక్క వేసి వచ్చి కూర్చుంది.

అట్లా రోజులు గడిచాయి. పలకలు సరిపోక గోడ పొడుగునా తెల్ల సంచి పరిచి, దాని మీద నిలబెట్టాం. గింజల బస్తాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. సేటు ఏమీ చేయలేక చివరికి బాల్కొండక్కకే ఫోన్ చేశాడు: "నువ్వే వచ్చి చూడక్కా, మీ గౌరమ్మతోటి నాకు చేతనైతలేదు."

ఆమె వచ్చింది. ఆ రోజు ఎండ గట్టిగా ఉంది, రేకుల కింద పొయ్యిలో ఉన్నట్టుంది. ఆమె ముఖం అంతకంటే మండుతోంది.

"ఏమక్కల్లారా, మీరే నాకు సత్తెం తప్పిస్తరా? పొడి పట్టి పెట్టినం. ఇంటింటికి పోయి చెప్పొచ్చిన. రేపు డబ్బల్లేవని జెప్పితే మా సంఘపోళ్లు నా ముఖం మీద ఉమ్మరా? మా ఇంటాయన నవ్వే నవ్వు మీరు ఇంటరా?"

"కోపం చెయ్యకక్కా," అన్నాను నేను. "నువ్వు తెచ్చిన ఆకారమే గద ఇది. నువ్వే ఒకటి తీసుకొని గ్రైండర్ల వెయ్యి. నువ్వేస్తే మేం అందరం వేస్తం."

నేను దెప్పిపొడవడానికి అనలేదు. నిజంగానే, ఎవరైనా ఒకరు ముందు వేస్తే మాకు దారి దొరుకుతుందని అన్నాను. ఆమె విసురుగా పోయి ఒకటి తీసింది. కొంగు నడుములో దోపుకుంది. గ్రైండర్ దగ్గరికి నడిచింది. సేటే స్వయంగా స్విచ్ వేశాడు. ఆమె చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి అట్లాగే ఉండిపోయింది. చూస్తుంటే చూస్తుంటే ఆమె బొటనవేలు, తనకు తెలియకుండానే, ఆ డబ్బా ముఖం మీద పడిన దుమ్ము తుడిచింది.

"బంద్ చెయ్యి సేట్," అంది. "నాతోటి గాదు."

తిరిగి వచ్చి, వరుసలో దాని చోట దాన్ని నిలబెట్టి, మా పక్కన చాప మీద కూలబడింది. కాసేపటికి ఆమెకే నవ్వు వచ్చింది. ఆమె నవ్వితే మేమూ నవ్వాం. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉంది, ఆమె కళ్లు చూస్తే తెలుస్తోంది. పండుగ దగ్గర పడింది. ఆ పచ్చటి వరుస మా అందరి వైపూ చూస్తోంది.

సేటు చాయ్ తెప్పించాడు. ఏమీ తోచనప్పుడు ఆయన చేసే పని అదే. చాయ్ తాగుతూ ముప్కాల్ చెల్లె అడిగింది, ఊరికే, మాట కోసం అడిగినట్టు: "అక్కా, మీరు ఇంట్ల పసుపుతోటి గౌరమ్మను చేస్తరు గద. చేసేటప్పుడు గది చేతులనే ఇరిగిపోతే ఏం చేస్తరు?"

"ఏముంది, ఇన్ని నీళ్లు చల్లి మళ్ల కలుపుతం. మళ్ల ఒత్తుతం," అంది పెద్దవ్వ.

"గౌరమ్మను పిసికి ముద్ద చేస్తరా? అది తప్పు గాదా?"

"బొట్టు పెట్టలే గదనే ఇంకా! బొట్టు పెడితే గౌరమ్మ. పెట్టకముందు ఒట్టి పసుపు ముద్ద. ఎన్నిసార్లు పిసికితే ఏంది?"

అని, పెద్దవ్వ చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆపేసింది. బాల్కొండక్క ఆమె వైపు చూసింది. నేను ఆ వరుస వైపు చూశాను. ప్రతి డబ్బాకూ బొట్టు ఉంది. పుట్టడమే బొట్టుతో పుడుతోంది. మిషన్ పెట్టేస్తోంది, బాగుందో పాడైందో చూడకముందే.

"మనకంటే ముందుగాల మిషన్ బొట్టు పెడుతుంది," అన్నాను.

ఆపరేటరు చప్పున లేచాడు. "సేట్, గా బొట్టు మిషన్ల ఎందుకు? అచ్చుల గా బొట్టు గుంత పూడిస్తే ముఖం నున్నగొస్తది. పాడైనయ్ గ్రైండర్లకు, మంచియి వీళ్లకు. బొట్టు వీళ్లే పెడతరు."

"పెడతం," అంది పెద్దవ్వ. "మా బొట్టు మేం పెట్టుకుంటం. మిషన్ ఎవ్వలు పెట్టనీకి?"

నెత్తి గోక్కోకుండా సేటు లేవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అచ్చు విప్పించి, బండి మీద వేసుకుని, ఊళ్లో లేత్ మిషన్ పెట్టుకున్న ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఆ చిన్న గుంతలో సరిగ్గా పట్టే ఇత్తడి బిళ్ల కొట్టి, అరగదీసి, చెయ్యి పెడితే జాడ తెలియకుండా చేసిచ్చాడు. మరుసటి రోజు మళ్లీ బిగించారు. డబ్బా దిగింది. అదే పచ్చదనం, అదే మొన, ముఖం మాత్రం నున్నగా, పిల్ల నుదురులాగా. అడుగు పలచబడింది, పాడైంది. పెద్దవ్వ దాన్ని తిప్పి చూసి, "ఒట్టి ముద్దే," అని తేల్చింది. నేను తీసుకుపోయి గ్రైండర్‌లో వేశాను. ఈసారి చెయ్యి వచ్చింది. ఆపరేటరు కూడా ఆ రోజే చెప్పులు తొడుక్కున్నాడు.

ఇక బొట్టు సంగతి. మా దగ్గర ప్లాస్టిక్ మీద అచ్చు వేసే ఎర్ర రంగు ఉంది. కానీ ఆ ప్లాస్టిక్ మీద రంగు ఊరికే నిలవదు, గోకితే పెచ్చులా లేస్తుంది. ముందు మంట సెగ కొంచెం చూపించాలి, మాడకుండా, కరగకుండా. ఆ పని ముప్కాల్ చెల్లె తీసుకుంది. "సెగ నేను చూపెడ్త, బొట్టు మీరు పెట్టుండ్రి," అని దీపం లాంటి చిన్న మంట ముందర కూర్చుని, ఒక్కొక్క డబ్బా నుదురు అట్లా చూపి ఇట్లా ఇచ్చేది. ఆ చెయ్యి ఎంత కుదురో! ఒక్కటి మాడలేదు. బొట్టు కోసం ఆపరేటరు గుండ్రటి చెక్క ముద్ర ఒకటి చేసి తెచ్చాడు. పెద్దవ్వ దాన్ని పక్కన పెట్టింది.

"ముద్రతోటి పోస్టాఫీసుల కొడ్తరు. బొట్టు వేలుతోటి పెడ్తరు."

అంతే, ఉంగరపు వేలితో మొదలుపెట్టాం. బాల్కొండక్క కూడా తన సంఘం ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి మాతో కూర్చుంది. షెడ్డులో మిషన్ ఒకవైపు ఊదుతుంటే, ఇటువైపు మేము పాటలు ఎత్తుకున్నాం. ఏ రెండు బొట్లూ ఒకలాగా లేవు. కొన్ని గుండ్రం, కొన్ని కోల, పెద్దవ్వవి కొంచెం ఎడమకు వాలేవి. అందరి ఉంగరపు వేళ్లూ ఎర్రగా అయిపోయాయి. సబ్బు పెట్టి రుద్దినా పోయేవి కావు. బస్సులో కండక్టరు నా వేలు చూసి, "ఓట్లు ఎప్పుడైనయక్కా, మాకు చెప్పనే లేదు?" అన్నాడు.

డబ్బాలు పండుగకు అందాయి. పెద్ద బతుకమ్మ ముందు రోజుల్లో బాల్కొండక్క మార్కెట్ దగ్గర పరదా కట్టుకుని, మెట్లు మెట్లుగా బల్లలు వేసి, వాటి మీద డబ్బాలు పేర్చింది. దూరం నుంచి చూస్తే బల్లంతా ఒక బతుకమ్మే. ఆగని ఆడమనిషి లేదు. నేను పక్కనే నిలబడి చూశాను. ఒకామె వరసపెట్టి వెతికి, ఎడమకు వాలిన బొట్టు ఉన్నదే ఏరుకుంది. "గిది మా అమ్మ పెట్టినట్టుంది," అంది. పెద్దవ్వకు ఆ మాట చెబితే, పైట సర్దుకుని, ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, అంత గర్వం.

బాల్కొండక్క ఇంటాయన కూడా వచ్చాడు. డబ్బాల సంచులు ఆయనే మోస్తున్నాడు. "ఏమన్నా, బువ్వల కలుపుకొని తింటున్నవా?" అని అడిగింది ముప్కాల్ చెల్లె. అందరికీ తెలిసిపోయింది ఆ మాట. ఆయన నవ్వి, "తింటున్న చెల్లె, మంచిగున్నది," అన్నాడు. మగవాడు అంతకంటే ఏం ఒప్పుకుంటాడు?

మరుసటి ఏడాది సేటు పెద్ద ఆర్డరు వస్తుందని గింజ తెప్పించి పెట్టుకున్నాడు. బాల్కొండక్క వచ్చి అడిగింది చూస్తే చాలా కొంచెం. పసుపు అమ్ముడుపోలేదా అంటే, పోయినేటి కంటే ఎక్కువే పోయింది. కానీ ఎవరూ డబ్బా పారేయలేదు! బొట్టు ఉన్నది కదా, చెత్తలో వేయడానికి ఎవరికి చెయ్యి వస్తుంది? పొడి అయిపోగానే ఖాళీ డబ్బా కడిగి, తుడిచి, పట్టుకొచ్చి, "నింపియ్యక్కా" అంటున్నారట. బాల్కొండక్కకు లాభం, ఇళ్లకు లాభం. సేటు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "మీ అందరి మాట ఇని నా మిషన్‌కే బొట్టు పెట్టి సాగనంపిన," అన్నాడు.

కానీ దేవుడు ఒక తలుపు దగ్గరికి వేసి ఊరుకోడు. ఆ గౌరమ్మ డబ్బా చూసి, ఎవరూ చేయని ఆకారాలు కావాలని జనం మా షెడ్డు వెతుక్కుంటూ వచ్చారు. మక్కపిండికి మక్కకంకి డబ్బా చేశాం. తేనెకు పుట్టలాంటి సీసా చేశాం. కొత్త అచ్చు చేయించే ముందు సేటు ఆ బొమ్మ తీసుకుని మా చాప దగ్గరికి వచ్చేవాడు. మూత గురించి కాదు, అడుగు గురించి కాదు, మొట్టమొదట ఒకటే అడిగేవాడు: "గిది పాడైతే మీరు గ్రైండర్ల వేస్తరా, వెయ్యరా? ఇప్పుడే చెప్పుండ్రి." పిల్లలూ, మీరు ఏ పనిలో ఉన్నా, కొత్తది మొదలుపెట్టే ముందు ఈ మాట ఒకసారి అడగండి. బాగా కుదిరితే ఎట్లా అని అందరూ అడుగుతారు. చెడితే ఎవరి చెయ్యి దాన్ని ఎత్తుకెళ్లాలో, ఆ చేతిని కూడా అడగాలి.

బొట్టుతో పుట్టిన ఆ మొదటి పాడైన డబ్బాలు ఏమయ్యాయని అడుగుతున్నారా? నీళ్లలో వేయలేం, ప్లాస్టిక్ కదా, చెరువు ఏం పాపం చేసింది? శుభ్రమైన సంచుల్లో పెట్టి, మూతి కట్టి, షెడ్డు అటక మీద పెట్టాం. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మేమంతా ముసలివాళ్లమై పని మానేశాం, వాళ్లు మానలేదు. ఆ కంపెనీలో పర్మనెంటు ఉద్యోగమంటే వాళ్లదే.

నా దగ్గర ఒకటుంది, అదుగో, ఆ గూట్లో. మంచిది, నేనే బొట్టు పెట్టింది. ఎన్ని ఏళ్లుగా నింపుతున్నామో, తుడిచీ తుడిచీ బొట్టు అరిగిపోయింది. మొన్న మా కోడలు దాన్ని చేతిలో తిప్పుతూ అంది: "అత్తమ్మా, బొట్టు పోయింది గద. నువ్వు చెప్పిన లెక్కనే గిది ఇప్పుడు ఒట్టి డబ్బ. మూత గూడ వదులైంది. తీసేద్దామా?"

లెక్క ప్రకారం అది చెప్పింది సరైనదే. కుంకుమ భరిణె తెమ్మన్నాను. ఉంగరపు వేలు తడిపి, ముంచి, దాని నుదుట మళ్లీ పెట్టాను. కోడలు నవ్వి, పసుపు నింపి, గూట్లో పెట్టేసింది.

రండి, పోయే ముందు ఒక్కొక్కరూ ముందుకు రండి, చేతులు పట్టండి, చిటికెడు పసుపు పెడతాను. మీ ఇంటి పసుపు డబ్బాకు అడుగు కనబడకూడదు. మీరు పెట్టిన పని నిండుగా దిగాలి. చెడినది చెడినా, మళ్లీ కలుపుకుని ఒత్తుకునే ఓపిక మీ చేతుల్లో ఉండాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ల నవ్వు, పిల్లల అల్లరి, పక్కింటి వాళ్ల తొక్కు గిన్నె ఎప్పుడూ తరగకూడదు. చల్లగా ఉండండి బిడ్డా, ఇంటిల్లిపాదీ పచ్చగా ఉండండి.